తలకాయ తీయని చేప

మదనపల్లె మొత్తం మీద చేపను నాకంటే శుభ్రంగా కోసేవాడు ఎవడైనా ఉంటే వచ్చి నా ఎదుట నిలబడమనండి. ముప్పై రెండేళ్లుగా ఈ కత్తి పడుతున్నాను. పొలుసు ఒక్కటి మిగలనివ్వను, మొప్పలు మిగలనివ్వను, కడుపులోని నల్లపొర గీకి గీకి తీస్తాను. ముక్తియార్ అంగట్లో చేప కొంటే ఇంటికి పోయి మళ్లీ కడగక్కర లేదని ఆడవాళ్లు అంటుంటారు. కడుగుతారనుకోండి, అది వేరే సంగతి. ఈ గొప్పంతా ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, మొన్న నా కూతురి విషయంలో నా కొంప ముంచబోయింది ఈ గొప్పే.

ఫిజా నాకు ఒక్కతే కూతురు. కుప్పంలో ఇచ్చాం. అల్లుడు తౌఫీక్ అక్కడ మోటారు సైకిళ్ల మెకానిక్కు. మంచివాడే, మాట తక్కువ. తొలి కాన్పుకని మే నెల మొదట్లో, ఏడో నెల పడగానే ఫిజాను ఇంటికి తెచ్చుకున్నాం. బస్సు దిగుతుంటే చూశాను, పిల్ల మొహంలో రంగు లేదు. ఇంటి ముందున్న నాలుగు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. నా భార్య బీబీజాన్ దాని కింది రెప్ప లాగి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఏమీ అనలేదంటేనే నాకు గుండె జారింది, ఎందుకంటే ఆమె ఏమీ అనకుండా ఉండే మనిషి కాదు.

మరునాడు ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ పేరు సుప్రియ. రక్తం పరీక్ష కాగితం చూసి, "ఏడు పాయింట్ ఆరు. పదకొండు ఉండాలమ్మా" అంది. తర్వాత నావైపు తిరిగి, "మీరేం చేస్తారు?" అని అడిగింది.

"చేపల అంగడి మేడం."

"చేపల అంగడి పెట్టుకొని ఇంట్లో బిడ్డకు రక్తం లేకుండా చేసుకున్నారా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత చెప్పిన మాట నవ్వుతూ చెప్పలేదు. కాన్పు నాటికి పది దగ్గరికన్నా రావాలంది. రాకపోతే ఇక్కడ పెట్టుకోలేనని, తిరుపతికి పంపాల్సి వస్తుందని, కాన్పులో అందరికీ పోయే రక్తం పోయినా ఈ పిల్ల తట్టుకోలేదని చెప్పింది.

మా అక్క వాల్మీకిపురంలో ప్రసవించింది. ఇరవై తొమ్మిదేళ్లయింది. రక్తం ఆగలేదు. వ్యానులో వేసుకొని మదనపల్లెకు తెస్తుంటే దారిలోనే పోయింది. ఆమె తల నా ఒళ్లోనే ఉంది. అందుకని డాక్టరమ్మ తిరుపతి అనగానే నాకు ఆసుపత్రి కనబడలేదు, దారి కనబడింది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇనుము మాత్ర వేసుకుంటే ఫిజాకు పావుగంటలో వాంతి. సెలైనులో పెట్టి ఎక్కిద్దామని చూస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, వెంటనే ఆపేశారు. చివరికి డాక్టరమ్మ తక్కువ మోతాదు మాత్ర రాసి, "అన్నం తిన్నాకే వేసుకోవాలి. మిగతాది తిండితో రాబట్టుకోవాలి. రాగి సంగటి, ఆకుకూర, గుడ్డు. ఇంకొకటి మీ చేతిలో పనే. చిన్న చేపలు పెట్టండి. పెద్ద చేప ముక్కలు కాదు, వేలంత ఉంటాయే, చెరువు చేపలు, అవి" అంది.

నిజం చెబుతున్నాను, నాకు కోపం వచ్చింది. నా అంగట్లో కోస్తా నుంచి మంచుపెట్టెల్లో వచ్చే బొచ్చెలుంటాయి, ఒక్కొక్కటి మూడు కిలోలు. సన్న చేపలు మేం ముట్టం. చెరువు వలలో బొచ్చెలతో పాటు పడితే వాటిని కోళ్లదాణా వాళ్లు తీసుకుపోతారు. వాటిని మనుషులకు అమ్మేది మార్కెట్టు మొత్తానికి ఒక్క తిమ్మక్కే. పుంగనూరు పక్క పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చి, సరిగ్గా నా అంగడి ఎదుట గోనెసంచి పరుచుకొని గంప దించుతుంది. ఆ గంప వల్ల నా అంగటికి ఈగలు వస్తున్నాయని ఆమెతో నాకు పదేళ్ల తగువు. ఇప్పుడు పోయి ఆ గంప ముందరే కూర్చోవాల్సి వచ్చింది.

"ఏమప్పా ముక్తియారూ, ఈగల్ని ఎంచి పోను వచ్చినావా?" అంది తిమ్మక్క.

"సేపలు కావాల తిమ్మక్కా. మా పాపకు."

"మీ అంగట్లో లేవా?"

"ఇయ్యే కావాలంట. డాక్టరమ్మ సెప్పింది. పాపకు రక్తం లేదు."

తిమ్మక్క ఇంకేమీ ఎగతాళి చేయలేదు. గంప మీది తడిగుడ్డ తీసి, రెండు చేతులా తోడి ఆకులో పోసింది. "దినామూ తెస్తాలే. పాపను బాగా తినమను" అంది.

ఇక అక్కడి నుంచి మొదలైంది నా సేవ. తెల్లవారి నమాజు కాగానే పోయి చేపలు తెచ్చుకొని, పీట వేసుకొని కూర్చునేవాణ్ని. కత్తి పనికిరాదని బీబీజాన్ కుట్టుపెట్టెలోని చిన్న కత్తెర తీసుకున్నాను. ఒక్కొక్క చేపకూ తలకాయ కత్తిరించి, తోక కత్తిరించి, కడుపు చీల్చి, గోటితో నడిముల్లు లాగేసేవాణ్ని. రోజుకు నూటయాభై చేపలకు తక్కువ ఉండవు. నడుము పట్టేసేది. అయినా వదల్లేదు. కడుపుతో ఉన్న బిడ్డ గొంతులో ముల్లు గుచ్చుకుంటే ఎట్లా? పైగా ముక్తియార్ కూతురు తలకాయతో ఉన్న చేప తినడమేమిటి? వీధిలో వాళ్లు నవ్వరా?

"ఇట్ల సేసే అబ్బా యాడుండాడు సెప్పు" అని బీబీజాన్ కూతురితో అంటుంటే, తండ్రిగా నాకు లోపల పొంగిపోయేది. గిన్నెలో మిగిలేది పిడికెడు మాంసం. తలకాయలు, ముళ్లు మా గోడ మీద తిరిగే పిల్లికి వేసేవాణ్ని. రెండు వారాలకే ఆ పిల్లి గోడ ఎక్కడం మాని, గుమ్మంలోనే కాపురం పెట్టింది.

ఫిజా ముక్కు మూసుకొని తినేది. పుట్టినప్పటి నుంచి చేపల వాసనలో పెరిగిన పిల్ల, కడుపుతో ఉండేసరికి చేపంటే కళ్లనీళ్లు పెట్టుకునేది. "అబ్బా, ఇది సాలు" అనేది. "ఇంకొక్క ముద్ద బేటీ" అని నేను బతిమాలేవాణ్ని. తిన్నదానిలో సగం నిలిచేది కాదు. మాత్ర కూడా దాంతోపాటే బయటికి వచ్చేది.

జూన్ నడుమ మళ్లీ పరీక్ష చేశారు. ఏడు పాయింట్ ఎనిమిది.

నెలన్నర కత్తెర పట్టుకుంటే పెరిగింది రెండు పాయింట్లు. "చేపలు పెడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే, "దినామూ మేడం, ఒక్క పూట తప్పలేదు" అన్నాను. ఆమె కాగితం వైపే చూస్తూ, "ఇంక ఆరు వారాలే ఉంది" అంది. బయటికి వచ్చాక ఫిజా నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నాకు భయం వేసింది. అంత భయం ఆ వ్యాను తర్వాత మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

ఆ వారమే వాన పడింది, గట్టి వాన. మరునాడు తిమ్మక్క రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మూడో రోజు పొద్దున ఆమె కూర్చునే చోట ఖాళీ నేల చూసి నాకు పిచ్చెక్కినట్టయింది. అంగడి పక్కవాడికి అప్పజెప్పి, మోటారు సైకిలు తీసుకొని పుంగనూరు పోయి, అక్కడి నుంచి దారి కనుక్కుంటూ ఆమె పల్లెకు పోయాను.

చెరువుకు ఎర్రటి కొత్త నీళ్లు వచ్చి ఉన్నాయి. తిమ్మక్క కట్ట మీద కాళ్లు చాపుకొని కూర్చొని, చిరిగిన వల కుట్టుకుంటోంది. చెరువు నిండా నీళ్లు, చేతిలో వల, మనిషి మాత్రం ఊరికే కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"మూడు దినాలాయె, యాల రాలేదు తిమ్మక్కా?"

"కొత్త నీళ్లొచ్చినాయి గదప్పా. ఇంక నెల దినాలు వల ముట్టను."

"యాల?"

"గుడ్లు పెట్టే కాలం. మా యమ్మ పెట్టిన కట్టుబాటు. ఆమె ముట్టలేదు, నేను ముట్టను."

"ఒక్క దోసెడు తిమ్మక్కా. నా బిడ్డకు."

"లేదప్పా."

నేను అనకూడని మాట అన్నాను. "నా బిడ్డ కన్నా నీకు సేపలు ఎక్కువా?" అని అరిచాను. అటు పక్క బర్రెలు కడుగుతున్న వాళ్లు కూడా తిరిగి చూశారు.

తిమ్మక్క నన్ను తిట్టలేదు. లేచి, కట్ట దిగి, గడ్డిలో పారుతున్న నీళ్లలోకి చెంగు ముంచి పైకెత్తింది. చెంగులో నాలుగైదు చేపలు ఎగురుతున్నాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టి నాకు చూపించింది. నేను లక్షల చేపలు కోసినవాణ్ని, నాకు చెప్పక్కర లేదు. కడుపు గుండ్రంగా, చర్మం పలచబడి, లోపల గుడ్లు కనబడుతున్నాయి.

"దీనికీ నెలలు నిండుండాయి సూడు" అంది. ఆ చేపను నీళ్లలో వదిలేసింది. "బొచ్చె పిల్లల్నయితే సేపల సంఘమోళ్లు ఏడాదేడాదీ లారీలో తెచ్చి వదల్తారు. ఈటిని ఎవురు తెచ్చి వదల్తారప్పా? దాణా వెయ్యం, మందు వెయ్యం, అయ్యే పుడతాయి, అయ్యే పెరగతాయి. ఈ నెల మనం గమ్మునుంటే సాలు. ఉండలేకపోతే వచ్చే ఏడు నీకూ లేవు, నాకూ లేవు."

కట్ట మీద కూలబడ్డాను. అప్పుడు చెప్పాను ఆమెకు, ఇంట్లో ఎవరికీ చెప్పని మాట. మా అక్క సంగతి, వ్యాను సంగతి, తిరుపతి సంగతి, ఏడు పాయింట్ ఎనిమిది సంగతి. చెబుతూ ఏడ్చాను కూడా. యాభై నాలుగేళ్ల మనిషిని, చెరువు కట్ట మీద.

తిమ్మక్క మళ్లీ వల చేతికి తీసుకొని అంతా విని, "అదేందప్పా, నెలన్నర ఇచ్చినాను గదా. అంత తింటే రక్తం పట్టల్ల గదా. ఎట్ల వండుతాండారు?" అంది.

అంత ఏడుపులోనూ నాలోని పనివాడు లేచి కూర్చున్నాడు. కత్తెర దగ్గర నుంచి నడిముల్లు దాకా, ఎంత ఓపికగా, ఎంత శుభ్రంగా చేస్తున్నానో అంతా వివరించాను. ఆమె చేతిలోని వల కింద పడింది.

"తలకాయలు కత్తిరిస్తాండావా?"

"ఊ."

"ముల్లు గూడా?"

"ఒక్కటి మిగలనివ్వను."

"అయి యాడేస్తాండావు?"

"మా గోడ మీద పిల్లికి."

"పిల్లి ఎట్లుండాది?"

"బాగా బలిసుండాది" అన్నాను. అనేశాక నా మాట నాకే వినబడింది. పైకి చూశాను. తిమ్మక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. కాసేపు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేక కట్టంతా వినబడేటట్టు నవ్వింది. "ఓరి నీ ఇల్లు బంగారం గాను! పిల్లికి కాన్పు సేయిస్తాండావప్పా నువ్వు! వేలంత సేపకు ఉండేదే తలకాయ, ముల్లు. అది పారేస్తే ఇంకేముండాది దాంట్లో, నీళ్లు!"

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ చిత్రమేమిటంటే, ఆ సిగ్గు కిందనే ఏదో బరువు దిగింది. ఇన్నాళ్లూ నా బిడ్డకు ఏది పెట్టినా పట్టదేమో, దాని రాతే అంతేమోనని భయపడ్డాను. తప్పు రాతది కాదు, నా కత్తెరది. కత్తెరనైతే పక్కన పెట్టేయొచ్చు.

తిమ్మక్క నన్ను ఇంటికి తీసుకుపోయింది. మూలనున్న మూతకుండ దించి చూపించింది. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు పట్టి, కడుపు నొక్కి మురికి తీసి, ఉప్పు రాసి, దుమ్ము పడకుండా వలగుడ్డ కప్పి ఎండబెట్టిన సన్న చేపలు. ఒక్కొక్కటి తలకాయతో, కళ్లతో, తోకతో పెళపెళలాడుతున్నాయి. వానల నెలకు తన ఇంటికని దాచుకున్నవి. వాటిలో సగం పైగా నా సంచిలో పోసింది. "పెనం మీద సన్న సెగకు దోరగా ఏంచి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, జీలకర్ర ఏసి మెత్తగా దంచమను. ముల్లు మిగలదు, బయపడొద్దు. వేడి సంగట్లో నెయ్యేసి కలిపి పెట్టు" అంది. నేను బండెక్కుతుంటే వెనక నుంచి, "కత్తెర మీ ఇంటామెకు ఇచ్చేయప్పా!" అని అరిచింది.

బీబీజాన్ దంచింది, నేను జల్లెడ పట్టి, నిలిచిన పలుకుల్ని మళ్లీ రోట్లో వేశాను. తలకాయల సంగతి చెబితే ఆమె నవ్వలేదు. "నేనే గదా నిన్ను మెచ్చుకొని మెచ్చుకొని చెడగొట్టింది" అని తలకొట్టుకుంది. ఫిజా ముందు సంగటి పెట్టి, పొడి చల్లి, అదేమిటో చెప్పకుండా పక్కన నిలబడ్డాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ముక్కు మూసుకోలేదు. పచ్చి వాసన లేదు, వేగిన కారప్పొడి వాసనే ఉంది. రెండో ముద్ద తింది. "ఇదేం పొడి అబ్బా? ఇంకొంచెం ఏయి" అంది. బీబీజాన్ గబుక్కున వంటింట్లోకి తిరిగిపోయింది. కళ్లు తుడుచుకోవడానికే పోయిందని నాకు తెలుసు. ఆ పూట తిన్నది నిలిచింది. తిన్నాక వేసుకున్న మాత్ర కూడా నిలిచింది.

రెండు వారాలకు ఎనిమిది పాయింట్ ఏడు. జూలై మూడో వారానికి తొమ్మిది పాయింట్ తొమ్మిది. ఆ రోజు డాక్టరమ్మకు అంతా చెప్పేశాను, దాచలేదు. ఆమె పెన్ను కింద పెట్టి, "వేలంత చేపకు తలకాయ తీశారా?" అని నోరు తెరిచింది. "తలతో పెట్టమని నేను చెప్పి ఉండాల్సింది. తీసే మనిషి ఉంటాడని నాకు తట్టలేదు."

"పొడితోనే వచ్చిందా మేడం ఇదంతా?"

"మాత్ర నిలవడం మొదలైంది కదా, అది పెద్ద సంగతి. పొడిదెంతో మాత్రదెంతో నేను తూచి చెప్పలేను. రెండూ మానకండి. కాన్పు ఇక్కడే చేద్దాం."

"పదికి ఒక పాయింట్ తక్కువుంది..."

"ఇక్కడే చేద్దామన్నాను కదండీ" అంది. బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. లోపలికి పోయేవాళ్లు నన్ను దాటుకుంటూ పోయారు.

ఆగస్టు మొదటి వారం, ఒక పొద్దున నొప్పులు వచ్చాయి. డాక్టరమ్మ ఎంత చెప్పినా నా భయం నాదే. తౌఫీక్‌కు ఫోను చేసి, ఫిజా రక్తం గుంపు వాళ్లు ఎవరున్నా వెంట తీసుకురమ్మన్నాను. కుప్పం నుంచి జీపులో ముగ్గురిని తెచ్చాడు. ఒకడు అతని దగ్గర పనిచేసే గౌతమ్, ఇద్దరు రామకుప్పం రైతులు, బండి బాగు చేయించుకోను వచ్చి సంగతి విని జీపెక్కినవాళ్లు. తౌఫీక్‌దీ అదే గుంపు. నలుగురూ వసారాలో బెంచీ మీద వరుసగా కూర్చొని, ఎవరూ అడగకుండానే చొక్కా చేతులు మోచేయి దాకా మడిచి పెట్టుకున్నారు. నేను వాళ్ల చేతుల వంక చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక లోపల పసిబిడ్డ ఏడుపు వినబడింది. నాకు అది చాలలేదు. మా అక్క బిడ్డ కూడా గట్టిగానే ఏడ్చింది. తలుపు వంక చూస్తూ ఉండిపోయాను. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, పావుగంట.

నర్సమ్మ బయటికి వచ్చింది. బెంచీ మీది నలుగురినీ, వాళ్ల మడిచిన చేతుల్నీ ఎగాదిగా చూసి, "మీరెవరు?" అంది.

"రక్తం ఇయ్యను వచ్చినాము" అన్నాడు తౌఫీక్.

"అక్కర్లేదప్పా, ఎళ్లండి ఇంటికి. ఆడబిడ్డ. తల్లికి ఏమీ కాలేదు." తర్వాత నన్ను చూసి, "పెద్దాయనా, మీరు నాయినా? యాల అట్ల నిలబడుండారు, పోయి ఏమన్నా తీసుకురండి. మీ పాపకు ఆకలవతాండాదంట, ఒకటే అడగతాండాది" అంది.

బెంచీ మీద నలుగురూ చొక్కా చేతులు కిందికి దించుకోవడం చూశాను. ఒక్కొక్కరే, మెల్లగా. ఆ తర్వాత నాకేమీ కనబడలేదు, కళ్ల నిండా నీళ్లు. సంగటి కోసం ఇంటికి పరుగెత్తాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, మనవరాలి మొహం ఇంకా చూడనే లేదని.